అలిగిన మనిషికి మర్యాదలెక్కువ

ఈసారి ఉత్తరం పర్లాకిమిడి నుంచి. రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన కాగితాలు, రెండు వైపులా రాసి ఎనిమిది పేజీలు. పేరు బయటపెట్టొద్దంది. గుర్తుపట్టేలా ఉన్న రెండు మూడు సంగతులు తీసేసి, మిగతాది కుదించి చెబుతున్నాను.

ఆమెకి 39 ఏళ్లు. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు కొబ్బరితోటల మధ్య ఒక ఊరు. పెళ్లయి ఒడిశా పక్కకి వచ్చి 17 ఏళ్లయింది. భర్త ఆటో తోలుతాడు. ఈమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. అత్తగారికి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఆవిడ పనులన్నీ ఈమె చేతిమీదే. కూతురు ఒడియా మీడియంలో ఎనిమిదో తరగతి. వాళ్ల సంఘంలో, అంటే చర్చిలో, ఆదివారం పొద్దున్న తెలుగు ఆరాధన, అదయ్యాక ఒడియా ఆరాధన. తెలుగు ఆరాధనలో పాట ఎత్తేది ఈమే, సండే స్కూల్లో పిల్లలకి చెప్పేదీ ఈమే.

తమ్ముడికి కిడ్నీలు పోయాయి. ఊళ్లకి ఊళ్లే కిడ్నీ జబ్బు పట్టిన ఉద్దానంలో పుట్టిన వాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈమె 40 రోజులు ఒంటిపూట ఉపవాసం ఉండి ప్రార్థించింది. కిందటేడు ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు అతను పోయాడు. 34 ఏళ్లు. పుట్టింటి సంఘంలో డోలక్ వాయించేవాడు. అక్క పాట ఎత్తితే తమ్ముడు దరువు అందుకునేవాడట. జ్ఞాపకార్థ కూడికలో పెద్దావిడ ఒకరు ఈమె చెయ్యి పట్టుకుని, "దేవుడికంటే నీ తమ్ముణ్ణి ఎక్కువ ప్రేమించావమ్మా. ఆయన రోషముగల దేవుడు కదా" అంది.

ఆ తర్వాత సంగతి ఆమె మాటల్లోనే: "పూర్వం నాలుగింటికి లేచి మోకరిస్తే కన్నీళ్లు వాటంతటవే వచ్చేవి. 'నాన్నా, చూడు, నిన్న ఏటి జరిగిందో' అని మొదలెట్టేదాన్ని. ఇప్పుడు 'మహోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ' అని మొదలెట్టి 'ఆమేన్' దాకా అప్పజెప్పేస్తాను. లోపల ఏమీ ఉండదు. మొన్న పాస్టరు అయ్యగారు 'నీ మొదటి ప్రేమను వదిలితివి' అన్న వాక్యం మీద చెప్పారు. నన్ను చూసే చెప్పినట్టనిపించింది. అయిదు నెలల నుంచి ప్రభువు బల్లలో చెయ్యి వెయ్యడం లేదు, ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం లేదు. ఆయన నా కోసం ప్రాణం పెట్టాడు, నేనేమో తిరిగి ఇవ్వలేకపోతున్నాను. ముందు చీటీ పాడుకుని డబ్బు తీసుకుని, తర్వాత వాయిదాలు ఎగ్గొట్టిన దానిలా తిరుగుతున్నాను. నేను దొంగ భక్తురాలినా? సండే స్కూలు మానెయ్యనా?"

బరంపురంలో ఉన్న ఆడపడుచు అక్కడి ఉజ్జీవ కూటాలకి రమ్మంటోంది, మూడు రాత్రులు కూర్చుంటే పాత అనుభవం తిరిగి వస్తుందట. స్త్రీల సమాజంలో ఇంకొకావిడ 21 రోజుల ఉపవాసం చెప్పింది. ఈ మధ్య తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందనీ, అన్నం సయించక జాకెట్లు వదులైపోయాయనీ కూడా రాసింది.

*

తల్లీ, నువ్వనే రాస్తున్నాను, నా పెద్దకూతురి ఈడుదానివి.

ముందు ఆ పెద్దావిడ మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఎనిమిది పేజీల్లోనూ ముల్లు అక్కడే ఉంది. మిగతాదంతా దాని చుట్టూ పట్టిన వాపు. ఆవిడ చెడ్డది అయ్యుండదు. చావింట్లో ఏం మాట్లాడాలో తెలియక నోటికొచ్చిన వాక్యం అనేసేవాళ్లు మనలో బోలెడుమంది. నేనూ అన్నాను, తర్వాత సిగ్గుపడ్డాను. కానీ మాట తప్పు. తండ్రినీ తల్లినీ తనకంటే ఎక్కువ ప్రేమించేవాడు తనకు తగడని ప్రభువు అన్నమాట నిజమే. తనను వెంబడించే దారికి ఇంటివాళ్లే అడ్డం నిలబడే రోజుల గురించి అన్నాడు. ఎక్కువ ప్రేమించిన వాళ్లని చంపి లెక్క సరిచేస్తానని ఎక్కడా అనలేదు. ఆ నోటితోనే, దేవుడికి అర్పించేశామన్న సాకుతో అమ్మానాన్నలకి పెట్టడం ఎగ్గొట్టేవాళ్లని తిట్టాడు. సిలువ మీద ఊపిరి అందని వేళ కూడా తల్లిని శిష్యుడికి అప్పజెప్పి మరీ పోయాడు. తమ్ముడి మీద ప్రేమకి అసూయపడే ముఖమేనా అది?

యోహాను సువార్త పదకొండో అధ్యాయం నీకు కంఠతా వచ్చే ఉంటుంది, పిల్లలకి బొమ్మలు చూపించి చెప్పే ఉంటావు. ఒకసారి చనిపోయి లేచిన లాజరు వైపు నుంచి కాకుండా అతని అక్కచెల్లెళ్లు మార్త, మరియల వైపు నుంచి చదువు. తమ్ముడికి జబ్బు చేసిందని కబురు పంపారు. కబురులో కూడా 'మేం నిన్ను ప్రేమిస్తున్నాం, రా' అనలేదు, 'నువ్వు ప్రేమించేవాడు రోగియై ఉన్నాడు' అన్నారు. అయిదో వచనంలో యేసు మార్తనూ, ఆమె చెల్లెల్నీ, లాజరునూ ప్రేమించాడని ఉంది. ఆరో వచనంలో, కబురు విన్నాక ఉన్నచోటనే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడని ఉంది. ప్రేమించాడు, రాలేదు. రెండూ పక్కపక్కనే రాసిపెట్టాడు యోహాను, మధ్యలో సర్దిచెప్పే మాట ఒక్కటీ వెయ్యకుండా. నలభై ఏళ్లుగా చదువుతున్నాను, ఆ రెండు వచనాల మధ్య సందు నాకింకా పూడలేదు.

ఆయన వచ్చేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులు. మార్త ఊరి బయటికే ఎదురెళ్లింది. దణ్ణం పెట్టి క్షేమసమాచారాలు అడగలేదు. "ప్రభువా, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదు" అంది. తర్వాత మరియ వచ్చి కాళ్ల మీద పడి అదే మాట అంది, అక్షరం పొల్లుపోకుండా. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఇద్దరూ అదే మాట అనుకుంటూ కూర్చుని ఉంటారు. మరి ఆయన ఏం చేశాడు? విశ్వాసం తక్కువైందని అనలేదు. వాణ్ణి ఎక్కువ ప్రేమించారు అనలేదు. ఏడ్చాడు. చుట్టూ ఉన్నవాళ్లు అది చూసి, ఇతన్ని ఎంత ప్రేమించాడో అనుకున్నారు. లాజరు లేచాడు కదా, నా తమ్ముడు లేవలేదు కదా అంటావు. అవును. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నట్టు నటించను. నేను పట్టుకోమనేది ఆ అద్భుతాన్ని కాదు. అద్భుతం జరగకముందు, ఇంకా శవం సమాధిలోనే ఉన్నప్పుడు, ఆ నిష్ఠూరాన్ని ఆయన విన్న తీరుని పట్టుకో.

నీ ఏడో పేజీ కింద ఒక వాక్యం రాసి, గట్టిగా రెండుసార్లు కొట్టేశావు. కాగితం తిరగేసి దీపానికి అడ్డంగా పెడితే చదవగలిగాను, క్షమించు. "ఆ శుక్రవారం నువ్వెక్కడున్నావు?" అని ఉంది. నాకు రాసిన ఉత్తరంలో నన్ను 'నువ్వు' అనవు కదా.

అదీ సంగతి. మనిళ్లల్లో అలక ఎలా ఉంటుందో నీకు తెలుసు. బాగున్నంతకాలం 'ఏటి, తిన్నావా లేదా' అనుకునే మొగుడూ పెళ్లాలు, మాట పట్టింపు రాగానే 'భోజనం వడ్డించమంటారా' అంటారు. కంచం శుభ్రంగా తుడిచి పెడతారు, నీళ్లు నిండుగా పెడతారు, మొహం మాత్రం చూడరు. 'నాన్నా, చూడు' అనే పిల్ల 'మహోన్నతుడవైన మా పరలోకపు తండ్రీ'కి ఎక్కిందంటే ప్రేమ ఆరిపోయిందని నేననుకోను. కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీదో వాళ్లతో చెప్పుకోలేక మర్యాద మొదలెట్టింది. (గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం జీవితమంతా కొట్లాడింది మీ ఊళ్లోనే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లిపోయేదాకా అక్కడే ఉన్నారాయన. ఆ ఊరి కోడలు దేవుడితో గ్రాంథికంలోకి దిగిందంటే ఆయన ఒప్పుకునేవారు కాదు.)

కోపం కూడా ప్రేమేనని తేలిగ్గా చెప్పెయ్యను. కోపం ముదిరితే మనిషి నిజంగానే తెగిపోతాడు. కానీ ఏ బంధమూ లేని మనిషి మీద ఇంత అలక రాదు. కీర్తనల గ్రంథం నిండా ఇలాంటి నిష్ఠూరాలే. ఎన్నాళ్లు మరచిపోతావు అంటాడు ఒకడు, ఎందుకు ముఖం దాచుకున్నావు అంటాడు ఇంకొకడు. 88వ కీర్తన అయితే చివరికి కూడా తేరుకోదు, చీకటి అన్న మాటతోనే ముగిసిపోతుంది. దాన్ని కూడా ఆరాధనలో పాడుకోమని మన చేతికిచ్చారు.

ఇక చీటీ. పోలిక బాగా కుదిరింది గానీ తల్లీ, పోలికే నిన్ను ముంచుతోంది. చీటీలో అందరూ సమానం, ఎత్తుకున్నవాడు బాకీ. దేవుడికీ మనకీ మధ్య ప్రేమ అలా నడిస్తే ఎప్పటికీ బాకీదార్లమే, నీ తమ్ముడు బతికున్నా బాకీదార్లమే. యోహాను మొదటి పత్రికలో ఉన్నది వేరు. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అన్నాడు. మొదటి మాట ఆయనది. మనది జవాబు. పిలిచిన ప్రతిసారీ జవాబు ఒకేలా ఉండదు. ఒకసారి పాట, ఒకసారి మూలుగు, ఒకసారి 'ఎక్కడున్నావు' అని ఎదురుప్రశ్న.

నీ ఉత్తరంలో అయిదో పేజీ నువ్వు ఏదో పని గురించి రాస్తూ రాసేశావు, దాన్ని నువ్వు పట్టించుకోలేదు. అత్తగారికి చోడంబలి (రాగిజావ) పట్టేటప్పుడు, రెండు మూడు చెంచాలయ్యాక ఆవిడ ఎడం చేత్తో చెంచాని నీ వైపు నెడుతుందనీ, ఒలికిపోతోందని నీకు విసుగొస్తుందనీ రాశావు. ఎందుకు నెడుతుందనుకున్నావు? నాకు తోచింది చెబుతాను: నువ్వు తినమంటోంది. నువ్వు చిక్కిపోవడం ఆవిడ మంచం మీద నుంచి రోజూ చూస్తోంది. మాట లేదు, కుడిచెయ్యి లేదు, నీకు తిరిగి ఇవ్వడానికి చిల్లిగవ్వ లేదు. ఉన్న ఎడం చేత్తో చెంచా నెడుతోంది. ఆవిడ నీకు బాకీ అని నువ్వెప్పుడైనా అనుకున్నావా?

'మొదటి ప్రేమ' వాక్యం అయ్యగారు నిన్ను చూసే చెప్పారో, కాలెండరులో ఆ వారం వచ్చి చెప్పారో నాకు తెలియదు. ప్రసంగపీఠం మీద నిలబడ్డవాళ్లకి ఎదురుగా ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. కానీ ఆ భాగం మొత్తం చదివితే రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, ప్రకటన గ్రంథంలో ఆ మాట పడ్డ ఎఫెసు సంఘానికి ముందు చెప్పింది మెచ్చుకోలు: నీ కష్టం నాకు తెలుసు, నీ సహనం నాకు తెలుసు, అలసిపోలేదని తెలుసు అని. రెండోది, మందు. మొదటి కన్నీళ్లు తెచ్చుకో అనలేదు. మొదటి క్రియలు చెయ్యి అన్నాడు. నువ్వు నాలుగింటికి లేచేటప్పుడు ఉన్న అనుభూతి నీ చేతిలో లేదు, అది వచ్చినప్పుడు వస్తుంది. మదర్ థెరిసా ఉత్తరాలు ఆవిడ పోయిన పదేళ్లకి, 2007లో అచ్చయినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది. దాదాపు అర్ధశతాబ్దం పాటు లోపల దేవుడు లేనట్టే ఉందని రాసుకుంది. పని మాత్రం ఆపలేదు. నువ్వు అలాగే యాభై ఏళ్లుండాలని కాదు, దొంగ భక్తి అన్న పేరు అంత తొందరగా పెట్టుకోకు అని.

ప్రభువు బల్ల విషయంలో మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను. 'అయోగ్యముగా' తినొద్దని పౌలు రాసింది కొరింథులో కొందరు ముందే కూర్చుని తెగ తిని తాగి, పేదవాళ్లని ఆకలితో నిలబెట్టినందుకు. అది తినే పద్ధతి మీద కోపం, తినేవాళ్ల గుండెలో తడి ఎంతుందో కొలిచే గజంబద్ద కాదు. పరీక్షించుకోవాలి అన్నవాడే, పరీక్షించుకుని తినాలి అని కూడా అన్నాడు. పరీక్షించుకుని దూరంగా కూర్చోమనలేదు. ఆకలేసినవాళ్ల కోసమే అన్నం. అయినా వెళ్లాలో లేదో నువ్వే తేల్చుకోవాలి. వెళ్తే మొదటిసారి ఏమీ అనిపించకపోవచ్చు, రొట్టె ముక్క రొట్టె ముక్కలాగే ఉండొచ్చు. వెళ్లకపోతే ఆరో నెల, ఏడో నెల అలవాటైపోతుంది, తర్వాత అడుగు వెయ్యడం ఇంకా బరువు.

సండే స్కూలూ, పాటా ఒకే మూట కట్టి చూడకు. రెండూ వేరు. పిల్లలకి చెప్పడం మానేస్తే నీకు ఆదివారం గంట ఖాళీ దొరుకుతుంది, ఆ గంటలో ఇంట్లో అత్తగారి పక్కబట్టలే మారుస్తావు. విశ్రాంతి వస్తుందని నాకు నమ్మకం లేదు. పైగా పిల్లల ముందు నువ్వు నటించక్కర్లేదు, కథ చెబితే చాలు. పాట ఎత్తడం వేరు. పాటలో డోలక్ ఉంది. నువ్వు పల్లవి అందుకోగానే నీ చెవి ఆ దరువు కోసం చూస్తుంది, అది రాదు. ఆ చోట గొంతు ఎండిపోవడం వింతేం కాదు. మా ఆయన పోయాక ఆయనకి ఇష్టమైన కీర్తన నేను ఏడాదిన్నర పాడలేకపోయాను, సంఘంలో ఆ నంబరు చెబితే నీళ్లు తాగడానికి బయటికి వెళ్లేదాన్ని. కొన్నాళ్లు ఇంకొకరిని ఎత్తమను. నీ చోటు వేరేవాళ్లు పట్టేసుకుంటారన్న భయం ఉంటుంది, పట్టుకోవచ్చు కూడా. అది నువ్వు మోయగలవో లేదో చూసుకో.

ఇంకొకటి తోచింది, మీలాంటి సరిహద్దు ఊళ్లలోనే కుదిరేది. కొన్ని వారాలు తెలుగు ఆరాధనకి బదులు ఒడియా ఆరాధనకి వెళ్లి వెనక బెంచీలో కూర్చో. రాత్రిపూట కూతురు ఒడియాలో ప్రార్థన చేస్తుంటే వింటూ ఉండిపోతానని రాశావు. ఆ భాషలో నీకు తమ్ముడి దరువు లేదు, అప్పజెప్పే అలవాటు లేదు, ముందు నిలబడే బాధ్యత లేదు. ఊరికే వినొచ్చు. తెలుగువాళ్లు నాలుగు మాటలంటారు, సంఘంలో ఏదో గొడవైందని పుకారు పుడుతుంది. అయ్యగారికి ముందే ఒక మాట చెప్పి వెళ్లు. మిగతా సంగతులు కూడా ఆయనకి చెబుతావా, లేక ఆయన భార్య అమ్మగారికి చెబుతావా అనేది వాళ్ల గుణం తెలిసినదానివి నీ ఇష్టం. స్త్రీల సమాజంలో మాత్రం ఇప్పుడే పెట్టకు. మన దగ్గర కొన్ని రహస్యాలు 'ప్రార్థనాంశం' అన్న పేరుతోనే ఊరు చుట్టి వస్తాయి.

బరంపురం కూటాలకి వెళ్లడం పాపం కాదు. అంతమందిలో కూర్చుంటే ఏడుపు రావొచ్చు, ఏడాదిగా గడ్డకట్టింది కరగొచ్చు, మేలే. కానీ మూడు రాత్రుల గడువు పెట్టి వెళ్లి, మూడో రాత్రి కూడా ఏమీ రాకపోతే? రైల్లో తిరిగొచ్చేటప్పుడు 'నాలోనే లోపం' అన్న మూట ఒకటి అదనం. వెళ్తే ఆడపడుచుని చూడ్డానికి వెళ్లు, పనిలో పనిగా కూటానికి వెళ్లు. అక్కడెవరైనా నీ తమ్ముడి చావుకి కారణం చెప్పడం మొదలెడితే లేచి వచ్చెయ్యి.

21 రోజుల ఉపవాసం మీద నాకు రెండో అభిప్రాయం లేదు, ఇప్పుడు వద్దు. ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవుడు అతనికి ప్రసంగం పంపలేదు. దూతతో రొట్టె, నీళ్లు పంపించి నిద్రపోనిచ్చాడు, లేపి మళ్లీ తినిపించాడు. నువ్వు మూడింటికి లేస్తున్నావు, తిండి తినడం లేదు, రోజుకి నాలుగుసార్లు ఒక మనిషిని మంచం మీద లేపి కూర్చోబెడుతున్నావు. ఇందులో ఎంత ఆత్మీయమో, ఎంత దిగులు జబ్బో డాక్టరు చూస్తేగాని తెలియదు. రెండూ కలిసి ఉండొచ్చు. వెళ్లడానికి మొహమాటమైతే టెలిమానస్ అని మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వ ఫోను ఉంది, 14416. డబ్బులుండవు. ఫోను చేస్తే విశ్వాసం తగ్గినట్టు కాదు, పక్షవాతానికి అత్తగారిని చూపించినప్పుడు ఎవరూ అలా అనలేదు కదా.

డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్తావు గనక, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి నీ రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకో. పెళ్లయ్యేదాకా ఆ ఊరి నీళ్లే తాగావు, ఆ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. మీ అమ్మకీ చేయించు. సెలవుల్లో పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లి నాలుగు రోజులుండి రా, అత్తగారిని ఆ నాలుగు రోజులూ మీ ఆయన చూసుకుంటాడు, చేత్తో అంబలి పట్టడం మగాళ్లకీ వస్తుంది. డోలక్ ఎవరి దగ్గరుందో నువ్వు రాయలేదు. అమ్మనడుగు.